పడికట్టు రాయి

కాలు చాపాక పాదం పక్కకు వాలకూడదు. ఇశ్రాయేలు రెండు చిన్న ఇసుక సంచుల మధ్య పాదాన్ని నిలబెట్టి, లుంగీ తొడ పైదాకా లాక్కుని, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకున్నాడు. టెక్నీషియను మెర్లిన్ సీసా నొక్కి జెల్లు వేసింది. నాలుగేళ్ళుగా, ఆదివారాలు పోను, రోజూ పొద్దున ఎనిమిదింపావుకు ఆ జెల్లు కుడి తొడ మీద ఒకే చోట పడుతోంది. ఆ చోట కందిగింజంత పచ్చబొట్టు చుక్క ఉంది. టెక్నీషియను ఎవరైనా చోటు మారకూడదని మొదటి ఏడాది తిరునాళ్ళలో దాన్ని పొడిపించారు.

చుక్క మీద వైరు చివరి మిషను బుర్ర ఆనింది. నొక్కకూడదు. నొక్కితే కండ అణిగి అంకె తగ్గుతుంది. ఇశ్రాయేలు కళ్ళు మూసుకుని బస్తా కోసం ఎదురుచూశాడు.

బస్తా రాలేదు.

"ముప్పై ఐదు," అంది మెర్లిన్.

తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ముప్పై ఐదు. వైరు ఊడదీసి తగిలించింది. మిషను ఆపి, వేసి, తెర వెలిగేదాకా నిలబడింది. మూడోసారి ముప్పై నాలుగున్నర వచ్చింది. కదలకండి బాబాయ్ అంది. అతను కదల్లేదు.

నందిగామలో కోర్టుల వెనక సందులో ఒక ట్రస్టు వాళ్ళ ఆసుపత్రి అది. అరవై దాటిన వాళ్ళ తొడల్లో కండ ఎంత కరుగుతోందో, దాని చోట కొవ్వు ఎంత చేరుతోందో చూసే పని ఒకటి పెట్టుకున్నారు. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా మూడు వందల పన్నెండు మంది. ఆరు నెలలకోసారి వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి అల్ట్రాసౌండుతో కొలుస్తారు. ఇది ఎనిమిదో విడత. పేర్ల జాబితాలో ఇప్పటికి నలభై ఒక్క పేర్ల మీద గీత పడింది. కానీ ఆ నలభై ఒక్కరి కాళ్ళూ మిషనులో అలాగే ఉన్నాయి. మెర్లిన్ ఎవరి పేరో వెతుకుతూ తెరను పైకి జరుపుతుంటే అవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోతుంటాయి. పైన తోలు గీత, దాని కింద కొవ్వు పొర, దాని కింద కండ, అడుగున వంపు తిరిగిన తెల్లటి గీత. ఆ గీత ఎముక. పేరు చదవక ముందే ఇశ్రాయేలు కొన్నింటిని గుర్తుపడతాడు. ఇది గండ్రాయి ఆరోగ్యమ్మది. పోయిన క్రిస్మస్‌కి ముందు పోయింది.

మిషను సరిగ్గా ఉందో లేదో తేలాలంటే బయల్దేరే ముందు రోజూ ఒకే మనిషిని కొలవాలని నియమం పెట్టినవాడు తిరుపతిరావు. ఈ పనంతా ఆయన చేతి కింద నడుస్తుంది. అంతకు ముందు మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. యార్డులో పాత కాటాలున్నప్పుడు, అసలు తూకంరాయి అరిగిపోకుండా, దానికి సరిచూసిన మామూలు రాయి ఒకటి పక్కన పెట్టుకుని వాడేవాళ్ళు. దాన్ని పడికట్టు రాయి అనేవాళ్ళు. మిషను మోయడానికి హమాలీ కావాలంటే వచ్చిన ఇశ్రాయేలు తొడను తిరుపతిరావు తెర మీద చూసి, పక్కనున్న డాక్టరుతో, కాలంటే ఇదండీ, అన్నాడు. కండ ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. అప్పటికి ఇశ్రాయేలుకు యాభై తొమ్మిది.

ఆ తర్వాత బయటి ఊళ్ళ నుంచి ఎవరు చూడ్డానికి వచ్చినా తిరుపతిరావు అతన్ని పిలిచి చూపించేవాడు. టెక్నీషియన్లు ముగ్గురు మారారు, మిషను బుర్ర ఒకసారి మారింది, మా పడికట్టు రాయి మాత్రం ముప్పై ఎనిమిదే అనేవాడు.

అది రెండేళ్ళుగా నిజం కాదు.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున ముప్పై ఆరు వచ్చింది. మిషను చెడిందనుకుని హైదరాబాదు పంపారు. ఇరవై రోజులు ఎవరినీ కొలవలేదు. మిషనులో ఏ లోపమూ లేదని వాళ్ళు రాసి పంపారు. అయినా ముప్పై ఆరే వచ్చింది. ఆ సాయంత్రం తిరుపతిరావు, కాలు మారితే మనకు పనికిరాదు, ఇంకొకర్ని చూడాలి అని ఎవరితోనో ఫోనులో అనడం ఇశ్రాయేలు విన్నాడు. మిషను మోసే పనీ, ఆసుపత్రి వెనక గదీ ఆ కాలును చూసి ఇచ్చినవే. భార్య లూర్దమ్మ పోయాక అతనికి ఇల్లంటే ఆ గదే. కొడుకు వెస్లీ కోదాడలో అద్దె లారీ తోలుతూ లారీలోనే పడుకుంటాడు.

మర్నాడు మిషను బుర్ర ఆనేముందు ఇశ్రాయేలు బస్తాను తలుచుకున్నాడు. యాభై కిలోల సిమెంటు బస్తా వీపు మీదకు వచ్చేముందే తొడ తనంతట తాను బిగుస్తుంది. ముప్పై ఏళ్ళు మోసినవాడి కాలుకు అది ఎవరూ చెప్పక్కర్లేదు. మోకాలు కదలదు, పాదం కదలదు, లోపల కండ లేస్తుంది. ముప్పై ఎనిమిది వచ్చింది. మిషనే కుదుటపడిందనుకున్నారు.

నెల తిరిగేసరికి ఏదో ఒక బస్తా అంటే కాలు వినడం మానేసింది. ఒక్క బస్తాకే విన్నది. ఇరవై రెండేళ్ళ కిందట, జగ్గయ్యపేట గోడౌనులో, వాన వెలిసిన పొద్దున మోసిన బస్తా. అరుగు నుంచి లారీ మీదకు చెక్క వేసి ఉంది. ముందు ఇశ్రాయేలు, వెనక తోటి హమాలీ స్తెఫను. చెక్క మధ్యకు వచ్చాక ఇశ్రాయేలు కుడి తొడ వణికింది. ఒక్కసారే. చెక్క ఊగింది. అతను లారీలోకి దూకాడు. స్తెఫను బస్తాతో సహా లారీకీ అరుగుకీ మధ్య పడ్డాడు, మళ్ళీ లేవలేదు. చెక్క తడిసి జారిందని హమాలీల ముఠా మేస్త్రి బ్రహ్మయ్య పోలీసులకు చెప్పాడు. ముఠాలో అందరూ అదే అన్నారు. ఇశ్రాయేలు కూడా అదే అన్నాడు.

రెండేళ్ళుగా రోజూ పొద్దున అతను ఆ చెక్క ఎక్కుతున్నాడు. వెనక స్తెఫను ఊపిరి వినపడుతుంది. ఈసారి వణక్కూడదని తొడ బిగిస్తాడు. టెక్నీషియను అంకె చదివేదాకా చెక్క మధ్యలో నిలబడతాడు. చదివాక, ఆ తర్వాత జరిగేది చూడకుండా కళ్ళు తెరుస్తాడు.

ఈ పొద్దున చెక్క ఉంది. వీపు మీద బరువు లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు.

మెర్లిన్ తిరుపతిరావుకు ఫోను చేసింది. ఆమె వచ్చి ఎనిమిది నెలలే అయింది. ఆయన ఫోనులో గట్టిగా మాట్లాడతాడు కాబట్టి బల్ల మీద పడుకున్న ఇశ్రాయేలుకూ వినపడింది.

"యార్డులో కాటా మూడు కిలోలు తక్కువ చూపిస్తే ఏం చేస్తారమ్మా? మూడు కలిపి రాసుకుంటారు. ఇవాళ అందరికీ మూడు కలిపి రాయి. సోమవారం మిషను పంపించేద్దాం."

ఆమె కాగితం పైన ప్లస్ మూడు అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది.

జగ్గయ్యపేట బస్సు తొమ్మిదింటికి. మిషను సంచి ఆరు కిలోలు. దాంతో పాటు రెండు మడతల ప్లైవుడ్ చెక్క ఒకటి ఉంటుంది. నులక మంచాల మీద కాలు కుంగిపోతుందని దాన్ని పరిచి పడుకోబెడతారు. బస్సు మెట్టు దగ్గర ఇశ్రాయేలు ముందు చెక్కను లోపలికి తోసి, కడ్డీని రెండు చేతులతో పట్టుకుని పైకి లాక్కున్నాడు. ఆరు నెలల కిందటి దాకా ఒక చెయ్యి చాలేది. కండక్టరు చెక్కను చూసి, దీనికి టిక్కెట్టు కొట్టనా అన్నాడు. రోజూ అనే మాటే. ఇశ్రాయేలు రోజూ నవ్వే నవ్వు నవ్వాడు.

చిల్లకల్లులో దిగి హైవే దాటారు. లారీల మధ్య సందు దొరికేదాకా మెర్లిన్ అతని మోచెయ్యి పట్టుకుని నిలబడింది. పట్టుకున్న చోట చొక్కా గుడ్డే ఎక్కువ తగిలినట్టుంది, చేతికేసి ఒకసారి చూసి వదిలేసింది.

ప్రమీలారాణి గారికి డెబ్బై నాలుగేళ్ళు. పన్నెండెకరాలు కౌలుకిచ్చి, ముందు గదిలో కుర్చీలో కూర్చుని టీవీ చూస్తూ ఉంటారు. వీళ్ళను చూసి టీవీ గొంతు తగ్గించారు.

"ఏం ఇశ్రాయేలూ, మళ్ళీ వచ్చావా నా కాళ్ళ కోసం?"

"నేనెక్కడొచ్చానండీ. లిస్టు లాక్కొచ్చింది."

ఇంత లావు కాలును ఇంకా కొలిచేదేముందని ఆవిడ నవ్వుతూనే చెక్క మీద పడుకున్నారు. తెర మీద ఆ లావంతా ఏమిటో కనపడింది. పైపొర, అంటే కొవ్వు, ఇరవై ఆరు. కండ పంతొమ్మిది. కుర్రవాళ్ళ కండ తెర మీద నల్లగా ఉంటుంది. వయసు పైబడే కొద్దీ కొవ్వు లోపలికి కూడా దిగి అది తెల్లబడుతుంది. ఈవిడ కండకూ ఎముకకూ తేడా చెప్పడానికి మెర్లిన్ తెర వెలుగు తగ్గించాల్సి వచ్చింది. పంతొమ్మిదికి మూడు కలిపి ఇరవై రెండు అని రాసింది. ఆడవాళ్ళకు గీత పద్దెనిమిది, అంతకు తగ్గితేనే వైద్యం. ఎలా రాసినా ఆవిడ గీతకు పైనే. ఇశ్రాయేలు ఊపిరి వదిలి జెల్లు తుడిచాడు.

కాఫీ పేపరు కప్పుల్లో వచ్చింది. ఒకప్పుడు ఆ ఇంట్లో ఎవరికి ఏ గ్లాసో వేరుగా ఉండేది. ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ పేపరు కప్పులే. ప్రమీలారాణి గారు అతను కప్పు పట్టుకున్న చెయ్యి వైపు చూశారు.

"షుగరుందా నీకు?"

"లేదండి."

"మరి అలా అయిపోయావేం? పోయినసారికి ఈసారికి సగం లేవు."

"ఎండలండి," అన్నాడు.

ఎండలేంటి కార్తీకంలో అని ఆవిడ అంటుంటే మెర్లిన్ మిషను సంచి జిప్పు వేస్తోంది. విన్నదో లేదో తెలియలేదు.

జగ్గయ్యపేటకు ఆటోలో వెళ్ళారు. బలుసుపాడు రోడ్డు వైపు సందులో బ్రహ్మయ్య ఇల్లు. ముందు రేకుల వసారా, దాని కింద మంచం, మంచం మీద బ్రహ్మయ్య. ముఠాకు పద్దెనిమిదేళ్ళు మేస్త్రి. ఆయన కేకేస్తే ముప్పై మంది లేచి నిలబడేవాళ్ళు. ఇప్పుడు డెబ్బై ఒకటి. గొంతు ఒక్కటే అప్పటిది.

"వచ్చాడమ్మా పడికట్టు రాయి. ఒరేయ్, నీ కాలుకి సర్కారు ముద్ర వేయించారా లేదా?"

"నీ వీపు మీద వేశాక మిగిల్తే నాకు వేస్తారు, మేస్త్రీ."

బ్రహ్మయ్య నవ్వబోయి దగ్గాడు. కోడలు రాజ్యశ్రీ లోపల్నుంచి వచ్చి మెర్లిన్‌తో నెమ్మదిగా మాట్లాడింది. మామయ్య బాత్రూములో రెండుసార్లు పడ్డాడు. ఒకసారి గడియ విరగ్గొట్టి తలుపు తీయాల్సి వచ్చింది. ఆమె ఉదయం ఏడింటికి మిల్లుకు వెళ్ళి సాయంత్రం వస్తుంది, వీళ్ళు వస్తారని ఇవాళ సెలవు పెట్టింది. పోయినసారి ఇరవై మూడని వదిలేశారు. ఈసారైనా పేరు ఎక్కించమని అడిగింది.

మగవాళ్ళకు గీత ఇరవై రెండు. దాని కిందికి దిగినవాళ్ళ పేరు వేరే జాబితాలోకి వెళుతుంది. ఆసుపత్రి బండి వచ్చి తీసుకెళుతుంది, పరీక్షలు చేస్తారు, మూడు నెలలపాటు మనిషి ఇంటికి వచ్చి లేపి, కూర్చోబెట్టి, నడిపిస్తాడు. గీతకు పైనున్నవాళ్ళకు ఆరు నెలల తర్వాత వస్తామని చెప్పడం తప్ప ఇంకేమీ లేదు.

చెక్క పరిచి బ్రహ్మయ్యను జరిపారు. ఇశ్రాయేలు ఒక చెయ్యి మోకాలి కింద, ఒక చెయ్యి తొడ కింద పెట్టి కాలును సర్దాడు. తొడ చుట్టూ తిరిగి అతని వేళ్ళు దాదాపు కలిశాయి. మెర్లిన్ టేపు పెట్టి, తుంటి ఎముక నుంచి మోకాలి చిప్ప దాకా కొలిచి, మధ్యలో పెన్నుతో చుక్క పెట్టింది. జెల్లు వేసింది. మూడుసార్లు చూసింది. మూడుసార్లూ ఇరవై.

పెన్ను తీసి ఇరవై మూడు అని రాసింది.

"మారలేదండి. ఇరవై మూడే ఉంది. మంచిదే."

రాజ్యశ్రీ గుమ్మానికి ఆనుకుని బయటికి చూసింది.

"మంచిదేనంట," అన్నాడు బ్రహ్మయ్య. "పడ్డం నా సరదా అన్నమాట."

ఇశ్రాయేలు గుడ్డతో జెల్లు తుడుస్తున్నాడు. తుడవడం అయిపోయింది. గుడ్డ ఇంకా తొడ మీదే ఉంది. గది గుర్తొచ్చింది. గదిలో తాళం వేసిన ట్రంకు పెట్టె, మేకుకు లూర్దమ్మ సంచి. రేపు ఎక్కడ పడుకుంటాడు అన్నది ఆలోచించాడు. మెర్లిన్ కాగితం మడవబోయింది.

"ఆ మూడు తీసేయ్ అమ్మా," అన్నాడు.

"ఏ మూడు బాబాయ్?"

"పొద్దున కలిపింది. మిషను బానే ఉంది. పోయింది నా కాలు."

ఆమెకు అర్థం కాలేదు. అతను నిలబడి చెప్పలేక మంచం కోడు పక్కన కూర్చున్నాడు. రెండేళ్ళుగా బిగిస్తున్నానన్నాడు. బిగిస్తేనే ముప్పై ఎనిమిది అన్నాడు. ఇవాళ బిగించినా పూర్తిగా బిగియలేదన్నాడు. స్తెఫను పేరు ఎత్తలేదు. కాలును ఎలా బిగిస్తారు అని ఆమె అడిగితే, మోసేవాళ్ళకు వస్తుందిలే అన్నాడు.

"వదిలేసి పడుకుంటా. నువ్వే చూడు."

బస్సెక్కే ముందు లుంగీ మార్చి ప్యాంటు వేసుకున్నాడు. బ్రహ్మయ్య తన లుంగీ ఒకటి ఇమ్మని కోడలికి చెప్పాడు. ఇశ్రాయేలు లోపలికి వెళ్ళి కట్టుకుని వచ్చి, వసారా నేల మీద పరిచిన చెక్క మీద పడుకున్నాడు. ఇసుక సంచులు పెట్టలేదు. పాదం పక్కకు వాలిపోయింది. మెర్లిన్ దాన్ని నిలబెట్టి మోకాలితో ఆపి, చుక్క మీద మిషను బుర్ర ఆనించింది.

ఈసారి అతను కళ్ళు మూయలేదు. తెర వైపు చూశాడు. నాలుగేళ్ళలో తన కాలును తెర మీద చూడటం అదే మొదటిసారి. పడుకున్నవాడికి తెర కనపడదు, ఇవాళ మిషను నేల మీద ఉంది. కొవ్వు పొర దాదాపు లేదు. కండ తెల్లబడింది. అడుగున ఎముక గీత పైకి వచ్చేసింది. గీత పడిన నలభై ఒక్క పేర్లలో ఏదో ఒకదాని కింద దీన్ని చూసినట్టే అతనికి అనిపించింది.

"ఇరవై ఒకటిన్నర," అంది మెర్లిన్.

ఆమె కాసేపు బుర్రను తీయలేదు. తర్వాత మిషను పట్టుకుని లేచి, రాజ్యశ్రీని లోపలికి రమ్మని తలుపు వేసుకుంది. చేరిన రోజు నేర్పడానికి మెర్లిన్ తొడ కూడా కొలిచి రాశారు. అప్పుడు ముప్పై ఆరు. అయిదు నిమిషాల తర్వాత తలుపు తీసింది.

"ముప్పై ఆరు," అని ఎవరితోనో చెబుతున్నట్టు అంది. మిషను సరిగ్గానే ఉంది.

కాగితం మోకాలి మీద పెట్టుకుని ప్లస్ మూడు కొట్టేసింది. ప్రమీలారాణి గారి ఇరవై రెండు కొట్టేసి పంతొమ్మిది రాసింది. బ్రహ్మయ్య ఇరవై మూడు కొట్టేసి ఇరవై రాసింది. పక్కన జాబితా గుర్తు పెట్టింది. తర్వాత పెన్ను అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఎనిమిది నెలలు బాబాయ్. రోజూ నేనే చూసా. అంకె సరిపోయిందా లేదా అనే చూసా."

"నువ్వేం చేస్తావమ్మా. చూపించనిది ఎట్లా చూస్తావు."

ఆమె సందు చివరికి వెళ్ళి తిరుపతిరావుకు ఫోను చేసింది. ఈసారి ఆయన గొంతు వినపడలేదు. తిరిగి వచ్చి చెప్పింది. ముందు, రెండేళ్ళ లెక్కలు పాడయ్యాయా అని అడిగారట. మిషను బాగుంది కాబట్టి జనం లెక్కలకేమీ కాలేదని చెప్పిందట. ఆ తర్వాత, రేపు ఎనిమిదింటికి అతన్ని రమ్మను అన్నారట.

"మిషను దగ్గరికి కాదు బాబాయ్. ఓపీకి. నేనుంటా అక్కడ."

అతను తలూపాడు. గది సంగతి అడగలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఇంకా ఇద్దరిని చూడాలి. ఆ ఇళ్ళల్లో బల్లలున్నాయి, చెక్క అక్కర్లేదు, మీరు ఇక్కడే పడుకోండి, నాలుగింటికి వచ్చి తీసుకెళ్తా అంది మెర్లిన్. మిషను సంచి తనే భుజానికి వేసుకుంది. అతను లేవబోతే వద్దని చెయ్యి చూపించింది. సంచి పట్టీ ఆమెకు పొడుగైంది. సందు మలుపు తిరిగేదాకా అది మోకాలికి కొట్టుకుంటూనే ఉంది.

రాజ్యశ్రీ ఇద్దరికీ అన్నం పెట్టింది. ఇశ్రాయేలు నాలుగు ముద్దలు తిని మజ్జిగ తాగాడు. వసారాలో చెక్క మీదే వెనక్కి వాలాడు. పైన మంచం మీద బ్రహ్మయ్య పక్కకు తిరిగి కిందికి చూశాడు.

"నా పేరు ఎక్కించడానికి నీ పని పోగొట్టుకున్నావంట్రా, ఎద్దు మొహమా."

"నీ పేరే కాదు మేస్త్రీ. నాదీ ఎక్కింది. గీత కిందే ఉన్నా."

"అయితే ఇద్దర్నీ ఒకే బండిలో తీసుకెళ్తారా?"

"తీసుకెళ్తారు."

"కిటికీ వైపు నాది. ముందే చెప్తున్నా."

ఇశ్రాయేలు నవ్వాడు. కాలు వదులుగా ఉంది. రెండేళ్ళలో పగటిపూట అది అంత వదులుగా ఎప్పుడూ లేదు. పాదం పక్కకు వాలింది. దాన్ని నిలబెట్టాలని అనిపించలేదు. రేకుల మీద కాకులు నడుస్తున్న చప్పుడు. ఎక్కడో లారీ రివర్సు చేస్తున్నారు, క్లీనరు రా, రా, రా అంటున్నాడు. చెక్క వీపుకు తగులుతోంది. వానకు తడిసిన చెక్క వాసన వచ్చింది. వెనక ఊపిరి వినపడింది. ఈసారి అతను కళ్ళు తెరవలేదు. ఆగి, పక్కకు జరిగి, వెనకవాడికి దారి ఇచ్చాడు.

బ్రహ్మయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. మధ్యాహ్నాలు ఆయనకు వినేవాళ్ళు దొరకరు. ఫలానా గోడౌను పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారని చెప్పాడు. ముఠాలో ముప్పై మందికి ఎంతమంది మిగిలారో వేళ్ళ మీద లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెడితే ఒకరు తగ్గారు.

"స్తెఫను పడ్డాడే, ఆ రోజు నువ్వు వాడికి ముందున్నావా, వెనకున్నావా? ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రావట్లేదురా."

జవాబు రాలేదు. నిద్రపోయాడనుకుని బ్రహ్మయ్య గొంతు తగ్గించాడు. కాసేపటికి తనూ నిద్రపోయాడు.

మూడున్నరకు రాజ్యశ్రీ టీ తెచ్చింది. మామయ్యకు ఇచ్చి, రెండో గ్లాసు చెక్క పక్కన నేల మీద పెట్టి, బాబాయ్ గారూ అని పిలిచింది. రెండుసార్లు పిలిచి, వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత మామయ్య వైపు చూసింది. బ్రహ్మయ్య గ్లాసు పక్కన పెట్టి, మంచం పట్టె పట్టుకుని తనంతట తాను లేచి నిలబడ్డాడు.

మెర్లిన్ నాలుగింటికి చెప్పినట్టే వచ్చింది. వెస్లీ లోడు ఎక్కడో దించి ఏడింటికి వచ్చాడు. ఇశ్రాయేలును బ్రహ్మయ్య లుంగీలోనే తీసుకెళ్ళారు. చెక్క మరునాడు ఆసుపత్రి వాళ్ళు పట్టుకెళ్ళారు. బ్రహ్మయ్య కోసం బండి వచ్చిన రోజున ఆయన కిటికీ పక్కన కూర్చోలేదని డ్రైవరు తర్వాత మెర్లిన్‌కు చెప్పాడు.

లోపలి గదిలో మేకుకు ప్యాంటు అలాగే ఉంది. వెస్లీ మళ్ళీ వస్తాడు, ఇవ్వాలి అని రాజ్యశ్రీ దాన్ని కదిలించలేదు. చొక్కా ఎప్పుడూ బయటికి వదిలి ఉండేది కాబట్టి ప్యాంటుకు బెల్టు ఉందని కూడా ఎవరూ గమనించలేదు. కొన్నప్పుడు బెల్టుకు ఉన్న చిల్లులు ఐదు. వాటికి ఇవతల మేకు కాల్చి పొడిచినవి ఏడు. ఏడో చిల్లు అంచు ఇంకా అరగలేదు.